కంటి పక్కన గీత

ముందు గోధుమరంగు గుండీలు, తర్వాత తెల్లవి. లవీనా కోటు ఎడమ జేబులోకి రెండు గుప్పిళ్లు కొమ్ముగుండీలు పోసుకుంది, కుడి జేబులోకి నాలుగు గుప్పిళ్లు ముత్యపుచిప్ప గుండీలు. ఖాళీ అయిన బిస్కెట్ల డబ్బాని చంకన పెట్టుకుని, చేతుల్లో టీ ఫ్లాస్కూ ఎండు చేపముక్కల పొట్లమూ ఉండటం వల్ల మోకాలితో తలుపు నెట్టుకుని బయటికొచ్చింది. ఇంకా వెలుగు రాలేదు. రాత్రి కురిసిన మంచు వాకిట్లో చీలమండ దాకా పేరుకుంది. ట్రక్కు అద్దం మీది మంచుని మోచేత్తో ఒక్క తుడుపు తుడిచి, తన కళ్లకి సరిపోయేంత కిటికీ చేసుకుని ఎక్కి కూచుంది.

డెబ్బై ఒకటో ఏడు ఆవిడకి. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. ముప్పై నాలుగు చలికాలాలు బళ్లో వంట గుండిగలు ఎత్తి దింపిన భుజాలవి. వేసవుల్లో రేవులోని చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నిలబడి పేగులు తీసీ తీసీ కుడి బొటనవేలు లోపలికి వంగిపోయింది. ఆ రెండు పనులూ మానేశాక కూడా మిగిలింది ఈ గురువారం పని. అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా, వారానికోసారి, తోడేలు ఏటి పక్క రోడ్డు మీద అయిదు చోట్ల ఆగి తెల్లతల గద్దల్ని లెక్కపెట్టడం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్క గురువారం తప్పలేదు. భర్త రూబెన్ని పూడ్చిన వారం కూడా తప్పలేదు.

మొదటి మలుపు దగ్గర జంతువుల ఆఫీసు బండి అప్పటికే ఆగి ఉంది. నోలన్ అని కొత్తగా వచ్చిన ఆఫీసరు. నలభై ఏళ్లుంటాయి, నెబ్రాస్కా మైదానాల మనిషి. అలాస్కాకి వచ్చి మూడు నెలలు కాలేదు. ఈసారి తనూ పక్కన నిలబడి లెక్కపెడతానని మర్యాదగానే అడిగాడు. ముసలామె కళ్లు ఎలా ఉన్నాయో చూసి రమ్మని పైవాళ్లు పంపారని లవీనాకి తెలుసు. రమ్మంది. మూడు కాళ్ల మీద నిలబెట్టే దుర్బిణి, మెడలో ఇంకొకటి, వేలితో నొక్కితే అంకె మారే చిన్న మిషను, అన్నీ తెచ్చుకున్నాడు. ఆవిడ దగ్గర రూబెన్ వాడిన పడవ బైనాక్యులరు ఒక్కటే ఉంది. దాని పట్టీ తెగిపోతే వల తాడు కట్టింది.

వెలుగు నెమ్మదిగా వచ్చింది. ఇక్కడ ఏరు గడ్డకట్టదు. అడుగునుంచి వెచ్చటి ఊట వస్తుంది కాబట్టి, లోకమంతా మంచైనా కుక్కపళ్ల సాల్మన్ చేపలు ఆలస్యంగా ఇక్కడికొచ్చి, గుడ్లు పెట్టి, చచ్చి తేలతాయి. వాటికోసం ఎక్కడెక్కడి గద్దలూ దిగుతాయి. ఆకులు రాలిన కాటన్‌వుడ్ చెట్ల నిండా, ఇసుకమేటల మీదా, తేలుతున్న దుంగల మీదా కూచుంటాయి.

"ముందు గోధుమరంగువి చూడు నాయనా," అంది లవీనా. "తెల్ల తలలు ఎక్కడికీ పోవు. వాటిని గుడ్డివాడైనా చూస్తాడు."

ఆవిడ పద్ధతి అది. తల తెల్లబడటానికి గద్దకి అయిదేళ్లు పడుతుంది. అందాకా ఒళ్లంతా మట్టిరంగే, రెక్కల కింద సున్నం చిలికినట్టు మరకలు. ఇసుకమేట మీద కూచుంటే కొట్టుకొచ్చిన మోడులా ఉంటుంది. కొత్తవాళ్లు తెల్ల తలలు చూసుకుంటూ పోయి పిల్లల్ని వదిలేస్తారు, లేకపోతే ఎగిరే పిల్లని చూసి కొండమీది బంగారు గద్ద అంటారు. బంగారు గద్ద తల చిన్నది, రెక్కలు కొంచెం పైకెత్తి తేలుతుంది. తెల్లతల గద్దకి పిల్లైనా తల పెద్దది, ముక్కు గొడ్డలంత, రెక్కలు చాపితే బల్లచెక్క పరిచినట్టు ఉంటాయి. ఇక్కడి మూలవాసులమైన మా ట్లింగిట్‌ల మాటలో అయితే పిల్లకీ పెద్దదానికీ రెండు పేర్లు. తల తెల్లబడితే చాక్. పడకపోతే చక్‌యేస్. ఒకే పక్షి, పేరు మాత్రం తల తెల్లబడ్డాకే మారుతుంది.

పిల్లకి కొమ్ముగుండీ, పెద్దదానికి ముత్యపుగుండీ. ఒక్కొక్కటే డబ్బాలో టంగుమని పడేది. కళ్లు చెట్టు మీదే ఉండేవి. చూపు ఆపి కాగితం మీద రాస్తే ఆ లోపల రెండు లేచిపోతాయని ఆవిడ నమ్మకం.

రెండో మలుపు దగ్గర నోలన్ మిషనులో తెల్లతలలు అరవై ఒకటి అయ్యాయి. లవీనా డబ్బాలో ముప్పై ఎనిమిది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆవిడ ఎండు చేపముక్క ఒకటి విరిచి ఆయన చేతిలో పెట్టి, తొందరపడకుండా టీ తాగమంది. కొంచెంసేపటికి కొండ భుజం మీంచి ఎండ దిగి చెట్ల కొమ్మల్ని తాకింది. నోలన్ గద్దలు ఒక్కొక్కటే కిందికి జారి, మెత్తగా చప్పుడు చేస్తూ నేల మీద పడటం మొదలుపెట్టాయి. కొమ్మల చివర పేరుకున్న మంచుముద్దలు అవి. ఇరవై మూడు పడ్డాయి.

"మంచుముద్దకి ముక్కుండదు బాబూ," అంది లవీనా. "తల కూడా తిప్పదు."

ఆయన చెవులెర్రబడ్డా నవ్వేశాడు. అప్పట్నించి తన అంకె వేసే ముందు ఆవిడ చెయ్యి జేబులోకి పోతుందో లేదో చూసుకున్నాడు. ఆఫీసుకి ఏం చెప్పాలో ఆయనకి అక్కడే తేలిపోయింది. లవీనా మనసు మాత్రం కుదురుగా లేదు. ఆవిడ ఆ పొద్దున వెతుకుతున్నది ఒకే ఒక్క పక్షి కోసం.

దాని సంగతి చెప్పాలంటే సైలస్ సంగతి చెప్పాలి. రూబెన్‌కి అన్న, ఎనభై నాలుగేళ్లవాడు. మా మనుషుల్లో ఎవరైనా రెండు వైపుల్లో ఒకవైపు వాళ్లే, కాకివైపో గద్దవైపో. తల్లిది ఏ వైపో పిల్లలదీ అదే. పెళ్లి అవతలి వైపుతోనే చేసుకోవాలి. చావు వచ్చినప్పుడు పెట్టె చెయ్యడం, గొయ్యి తవ్వడం, వండి పెట్టడం కూడా అవతలి వైపు పనే. చచ్చినవాడి వైపు వాళ్లు కూచుని ఏడవాలి, అంతే. అన్నదమ్ములిద్దరూ గద్దవైపు. లవీనా కాకివైపు. అందుకే సైలస్ ఆవిడని పెళ్లయిన రోజునుంచీ కాకిపిల్లా అనే పిలిచాడు. ప్రతి గురువారం లెక్క ముగించి ఆయన వాకిట్లో ట్రక్కు ఆపితే చాలు, లోపల్నుంచి మావాళ్లు ఎంతమంది వచ్చారు కాకిపిల్లా అనేవాడు. బోలెడుమంది వచ్చారు బావా, అందరూ తిండికే, పనికి ఒక్కడూ రాలేదు అనేది ఆవిడ. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే మాట, అదే జవాబు. ఇద్దరికీ విసుగు రాలేదు.

రూబెన్ చనిపోయిన ఏడాది వేసవిలో సైలస్ ఇంటి వెనక గూట్లోంచి ఒక పిల్ల పడింది. ఎడమరెక్క విరిగింది. పక్షుల డాక్టరమ్మ రేవునుంచి వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ సైలస్ దాన్ని చేపల తొట్లో పెట్టుకుని, తన చేత్తో సాల్మన్ ముక్కలు కోసి పెట్టాడు. రెక్క అతికింది, ఆగస్టుకల్లా వదిలారు. ఎగరడం బాగానే ఎగిరింది. కానీ కూచుంటే ఎడమరెక్క కొంచెం వేలాడేది, మనిషి చెయ్యి సగం జేబులో పెట్టి సగం మరిచిపోయినట్టు. సైలస్ ఎడమభుజమూ అలాగే జారి ఉంటుంది. కుర్రతనంలో వల లాగే చక్రంలో పడిన చెయ్యి అది.

"వీడి తల తెల్లబడిందని నువ్వొచ్చి చెప్పాక పోతాను," అన్నాడు అప్పుడు. నవ్వుతూనే అన్నాడు. ఈ రెండేళ్లలో ఊపిరితిత్తులు చెడి, ముక్కుకి గొట్టం పెట్టుకుని మంచం పట్టాక, ఆ మాట నవ్వకుండా అంటున్నాడు. జూనో పట్నం ఆసుపత్రికి రానన్నాడు. ఆ పిల్లకి ఇది అయిదో చలికాలం. మూడు గురువారాలుగా ఆ పక్షి కనపడలేదు. కనపడలేదు బావా అని చెప్పి వచ్చేసింది, అది నిజమే కాబట్టి. పోయిన వారం ఆయన మాట పెదాల మీదనుంచి చదువుకోవలసి వచ్చింది.

మూడో మలుపు దగ్గర లేదు. నాలుగో మలుపు దగ్గర రెండు పిల్లలు ఒక చేప మీద కొట్లాడుతూ కిచకిచమన్నాయి. అంత పక్షికి గొంతు మాత్రం కోడిపిల్లదిచ్చాడు దేవుడు అని లవీనా ఎప్పటిలాగే అనుకుంది గానీ నవ్వు రాలేదు.

అయిదో మలుపు దగ్గర దొరికింది. ఏటికి అవతల, పిడుగు పడి సగం కాలిన కాటన్‌వుడ్ మీద ఒంటరిగా కూచుని ఉంది, ఎడమరెక్క వేలాడేసుకుని. దూరంనుంచి తల తెల్లగానే మెరిసింది. తోక కూడా తెల్లనే. లవీనా గుండె ఒక్కసారి కిందికి జారింది. సంతోషమనుకుంది ముందు. కాదు. ఇప్పుడెళ్లి తెల్లబడింది బావా అంటే, ఆయన సరే అంటాడు. అంటే చాలు.

బైనాక్యులరు ఎత్తింది. చాలాసేపు పట్టుకుంది. కంటి వెనకనుంచి మెడ దాకా, మసిబట్టతో తుడిచినట్టు సన్నటి గోధుమ గీత. ఆవిడ నియమం ప్రకారం కంటి పక్కన గీత ఉంటే పిల్లే. కొమ్ముగుండీయే. ముప్పై ఒక్క ఏళ్లలో అలాంటివి ఎన్నో చూసింది, ఒకసారి చూసి గుండీ వేసి పక్క చెట్టుకి పోయేది. ఇవాళ బైనాక్యులరు దించి కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. మూడోసారి చూసింది. గీత అక్కడ ఉందా, ఉండాలని తను కోరుకుంటోందా అన్నది తేల్చుకోలేకపోయింది. తన కంటిని తను అనుమానించడం ఆవిడకి అదే మొదలు.

"నాయనా, నీ పెద్దదాంట్లోంచి చూడు," అంది. ఏం చూడాలో చెప్పలేదు.

నోలన్ చూశాడు. కంటి మీద నల్లగీత ఉంది, తల తెల్లగా ఉంది కాబట్టి ఇది కొరమీను గద్దేమో అన్నాడు. కొరమీను గద్దలు సెప్టెంబరులోనే దక్షిణానికి పోతాయి, పైగా వాటి పొట్ట తెల్లన, దీని పొట్ట చూడు అంది లవీనా. మాట మామూలుగానే వచ్చింది గానీ, లోపల పట్టు సడలింది. గీత ఉంది. అవతలి మనిషికీ కనపడింది.

నోలన్ మళ్లీ చూశాడు. చూస్తుంటే ఆయనకీ ముచ్చటేసింది కాబోలు, ఇంత తెల్లటి తలకి ఒక్క చిన్న గీత ఉంటే ఏం, పెద్దవాటిలోనే వెయ్యొచ్చు కదా, ఆఫీసులో ఎవరూ అడగరు అన్నాడు.

"ఆఫీసు కోసం కాదు బాబూ," అంది లవీనా. ఎడమ జేబులోంచి కొమ్ముగుండీ తీసింది. డబ్బాలో వెయ్యలేదు. తొడుగు విప్పిన అరచేతిలోనే పట్టుకుంది.

లెక్క కాగితం ట్రక్కు బానెట్ మీద పెట్టి రాసింది. పెద్దవి రెండువందల నాలుగు, పిల్లలు తొంభై ఒకటి. తొంభై ఒకటోది చేతిలో ఉంది. నోలన్ తన కాగితం చింపి జేబులో పెట్టుకుని, ఆవిడ కాగితం కిందే సంతకం చేశాడు. వచ్చే గురువారం కూడా రావచ్చా అని అడిగాడు. చేపముక్కలు నువ్వు తెచ్చుకుంటే రా అంది.

సైలస్ ఇంటికి చేరేసరికి రెండయింది. ఆయన మేనకోడలు థెల్మా తలుపు తీసి, పొద్దుట్నించీ మావయ్య ఏమీ తినలేదత్తా, చలేస్తోందని గుండీల దుప్పటి కప్పమన్నాడు అంది. ఆ దుప్పటి లవీనా కుట్టిందే, ఇరవై ఆరేళ్ల కిందట. గద్దవాళ్ల దుప్పటి కాకివాళ్లే కుట్టాలి. నల్ల ఉన్ని బట్ట, ఎర్ర అంచు, మధ్యలో రెక్కలు చాపిన గద్ద. తలంతా ముత్యపుగుండీలు, ఒకదానికొకటి ఆనించి. మిగిలిన గుండీలే ఆవిడ లెక్క గుండీలయ్యాయి. ఎర్రదారం రెండు పేటలు వేసి కుట్టింది. లాగి చూసుకో బావా, నేను కుట్టిన గుండీ నీ ఒంట్లో ప్రాణముండగా ఊడదు అంది ఆ రోజు.

ఇప్పుడా దుప్పటి కింద మనిషి ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. ముక్కు కొసదేలింది. కళ్లు మాత్రం తలుపువైపే ఉన్నాయి.

"ఎంతమంది కాకిపిల్లా?"

"బోలెడుమంది బావా. అందరూ తిండికే."

ఆయన పెదాలు మిగతా మాట కోసం ఆగాయి. పనికి ఒక్కడూ రాలేదు అని ఆవిడ అనలేదు. మంచం అంచున కూచుని, ఆ పక్షి కనపడిందని, కాలిన చెట్టు మీద, తిండి బాగా తిన్నట్టే ఉందని చెప్పింది.

"చాకేనా?" అన్నాడు సైలస్.

చెయ్యి కోటు జేబులో ఉంది. రెండు జేబుల్లోనూ గుండీలున్నాయి. ఆయన చూపు అరచేతిదాకా రాదు, ఏది పెట్టినా నమ్ముతాడు. ఉండమని ఒక అబద్ధమో, పొమ్మని ఒక అబద్ధమో ఎంచుకోవలసి వస్తే కష్టమయ్యేదేమో. నిజం ఒక్కటే ఉంది కాబట్టి అదే చెప్పింది.

"చక్‌యేసే బావా. కంటి పక్కన ఇంకా గీత ఉంది. ఇంత." వేలి గోరు కొస చూపించింది. ఆ తొంభై ఒకటో కొమ్ముగుండీ తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

సైలస్ దాన్ని బొటనవేలితో తడిమి చూశాడు. తర్వాత నవ్వాడు. ఊపిరి చాలక ఆ నవ్వు ముక్కుగొట్టంలోనే బుసబుసమంది.

"ఇంత గీతకి," అన్నాడు, ఒక్కో మాటకీ ఆగుతూ, "నన్ను ఇంకో చలికాలం... కాపలా పెడతావా?"

"నియమం నాది కాదు. దాని తలది."

"మొండిదానివే."

"ముప్పై ఒక్క ఏళ్లకి తెలిసిందా?"

ఆయన కళ్లు మూసుకుని చేపచారు ఉంటే ఇవ్వమన్నాడు. పొద్దుట్నించీ తిననివాడు అడిగాడని థెల్మా మొహం విప్పారింది. అత్తాకోడళ్లిద్దరూ వంటింట్లోకి వెళ్లారు. లవీనా బంగాళాదుంపలు చిన్నగా తరిగింది, మింగడానికి వీలుగా. చారులో రెండు చెంచాలు హూలిగన్ చేప నూనె వేసింది, ఆయనకి వాసన రావాలని. ఇంకో చలికాలం అన్నాడు కదా అని ఆవిడ చెయ్యి ఆ రోజు కొంచెం ధైర్యంగానే ఉప్పు వేసింది. లోపలి గదిలోంచి ఒకసారి మంచం కిర్రుమంది. దారం తెగిన చప్పుడేదో వినపడిందని తర్వాత థెల్మా అంది గానీ, లవీనాకి వినపడలేదు.

గిన్నె తీసుకుని వెళ్లేసరికి కిటికీలో ఎండ పసుపు రంగుకి తిరిగింది. గొట్టంలో గాలి మాత్రం బుసబుసమని తిరుగుతోంది, అవతల తీసుకునేవాళ్లు లేకుండా. సైలస్ తల కిటికీవైపు తిప్పి ఉంది. లవీనా గిన్నె పక్కన పెట్టి, ముందు గాలి మిషను ఆపింది. తర్వాత ఆయన కళ్లు మూసింది.

థెల్మా గుమ్మంలోనే కూలబడింది. ఏడవవలసింది ఆ పిల్ల. తనది పని. లవీనా కోటు విప్పి, చేతులు మోచేతుల దాకా మడిచింది. ఫోను తీసి కాకివైపు వాళ్లకి ఒక్కొక్కరికే చెప్పింది. చెల్లెలి కొడుకులిద్దరికీ పెట్టె పని, బడి వడ్రంగికి గొయ్యి, చెల్లెలికి వంట. నేల ఇంకా లోతుగా గడ్డకట్టలేదు, రేపు పొద్దున్నే మొదలుపెట్టమంది. గొంతు ఎక్కడా ఆగలేదు. చారు వేడి తగ్గకముందే థెల్మా చేత నాలుగు చెంచాలు తాగించింది. గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, జారిపోయిన ఆ ఎడమభుజాన్ని ముందు తుడిచింది. దాన్ని కోటు చేతిలోకి ఎక్కించడం ఆయనకి ఎప్పుడూ కష్టమే, అందుకని దానితోనే మొదలుపెట్టింది. మొహం తుడుస్తూ, పనికి ఒక్కడూ రాలేదు బావా అని, మిగిలిపోయిన మాట చెప్పేసింది.

తర్వాత దుప్పటి సరిచేద్దామని అంచు పట్టుకుని లాగింది. గద్ద తలలో, సరిగ్గా కన్ను పక్కన, ఒక చోట నల్లబట్ట కనపడింది. ఆవిడ వేలు పెట్టి చూసింది. ఎర్రదారపు పోగులు రెండు పైకి లేచి ఉన్నాయి, పళ్లతో కొరికినట్టు తడిగా. తను కుట్టిన చోటు. తెల్లటి తలలో అక్కడొక్కచోట నల్లటి గీత.

కొమ్ముగుండీ కోసం ఆయన పిడికిలి విప్పింది. ఖాళీగా ఉంది. మంచం మీదా, కిందా లేదు. అప్పుడు ఆయన తల తిరిగి ఉన్న వైపు చూసింది.

కిటికీ గట్టు మీద, చెయ్యి అందేంత దూరంలో, తొంభై ఒకటో గుండీ ఉంది. దాని మీద, గోధుమరంగు కనపడకుండా, అంచుకి అంచు తప్పకుండా, ఒక ముత్యపుగుండీ ఉంది, కన్నాల్లో ఇంకా ఎర్రదారంతో.